ఆగు

ఏరియేటర్ మోటార్ల రాగి తీగ
రెండోసారి కోసుకుపోయినాక
కావలి పోయి కుక్కపిల్లను కొనుక్కొచ్చినా.
నలభై అయిదు రోజుల మాస్టిఫ్.
బస్సంతసేపూ ఒళ్లోనే నిద్ర.
ఏ పెద్దకుక్క దగ్గరో
తోలు అప్పు తెచ్చుకున్నట్టు
మెడకింద ఎన్ని మడతలో!
"ఇది కుక్క కాదక్కా, బొంత" అన్నాడు పెంచలయ్య.
ఆ పేరే నిలిచింది.

ఇస్కపల్లి గుంటల మీద నేను నేర్చిన విద్య ఒకటే,
బిరీన పెంచడం.
చెక్ ట్రే ఎత్తి చూడు, మేత మిగల్లేదా, ఇంకో గుప్పెడు వెయ్యి.
వంద రోజులకు ముప్పై కౌంటు.
ఒక రోజు ఆగితే ఒక రోజు డీజిలు.
దీన్నీ అట్లే మేపబోయినా
పాలు, గుడ్లు, కాల్షియం బిళ్లలు.

అల్లూరు డాక్టరు ఖాజావలి
దాని ముందుకాళ్ల కీళ్లు నొక్కి చూసి
నామీద కోప్పడినాడు.
"ఎముకకంటే ముందు ఒళ్లు రాకూడదమ్మా దీనికి.
బిళ్లలు మానెయ్. తూచి పెట్టు.
పక్కటెముకలు చేతికి తగలాల.
కట్ట మీంచి దూకనీకు.
ఏడాదిన్నర దాకా ఇది పిల్లే,
గడపకు అడ్డంగా పడుకునేంత అయినా పిల్లే."

నిదానంగా పెంచడం నాకు చేతగాదు.
నన్నెవరు అట్ల పెంచినారు?
పదమూడో ఏట షెడ్డులో
ఐసు మధ్య రొయ్య తలకాయలు తీసిన చేతులివి.

అయినా తూచినా,
మేత తూచే కాటాలోనే, రోజుకు నాలుగు పూటలు.
మధ్యాన్నం తడిపిన గోతం పరిచినా.
చెప్పులు కొరికింది, కొంగు కొరికింది,
పీహెచ్ బుడ్డి మూత మింగి
ఒక పగలంతా నన్ను ఏడిపించింది.
పెంచలయ్య కట్టె ఎత్తితే
చెయ్యి పట్టుకున్నా.
"ఇప్పుడు దెబ్బ అది ఓర్చుకుంటది.
ఎనిమిది నెలలకు అరవై కిలోలు.
అప్పుడు మనం ఓర్చుకోవాల."

గుంట నుంచి గుంటకు కాళ్లతోనే వస్తది రోగం.
అందుకే గేటు దగ్గర సున్నంతో గీత గీసి
ఇవతల కూర్చోబెట్టి, "ఆగు" అన్నా.
మొదటిరోజు చిటికెంతసేపు.
వారానికి మూడు ఊపిర్లు.
పంతొమ్మిదోరోజు నూరు లెక్కపెట్టి తిరిగి చూస్తే
అట్లే ఉండాది,
నా చేతిలోని కోడిముక్క మీద కళ్లు పెట్టి
నేలదాకా చొంగ కారుస్తా.

యాభైరెండో దినం, రోహిణి ఎండలో
రొయ్య అంచుకొచ్చి ఈదింది.
పట్టి చూస్తే తల పెంకు మీద
తెల్లమచ్చ.
ఆ రాత్రే వలలు, ఐసు, లారీ, అరుపులు.
నూటిరవై కౌంటు,
కొన్నోడు చెప్పిందే ధర.
గేటు దాటతా "ఆగు" అన్నా బొంతను.
అంతే,
మర్చిపోయినా.

తెల్లారి లారీ కదిలినాక గుర్తొచ్చింది.
ఇసకంతా దాని పొర్లాటే.
కూర్చోలేక పడుకుని, పడుకోలేక లేచి,
అక్కడే తడిపేసుకుని...
సున్నం గీత మాత్రం చెక్కుచెదర్లేదు.

"రా" అన్నా.
రాలేదు.
తోక ఒకసారి ఇసకను కొట్టి ఊరుకుంది.
ఆగమని నేర్పినంత ఓపికగా
రమ్మని నేర్పలేదు నేను.
బురదకాళ్లతో నేనే గీత దాటి
పక్కన కూలబడినా.
అప్పుడు తలకాయ తెచ్చి తొడ మీద పడేసింది,
నానిన బస్తా మాదిరి బరువు.

కాటా ఇంకా ఎత్తలేదు.
ఏమనుకున్నాడో పెంచలయ్య
బొంతను ఎత్తి రొయ్యల క్రేటులో కూర్చోబెట్టినాడు.
పదిహేడు కిలోల ఆరొందలు.
"ఎక్కువా, తక్కువా అక్కా?"

డొక్కలో వేళ్లు పెట్టి తడిమినా.
ఎముకలు తగిలినాయి,
వాటి కింద టకటకా గుండె.

"సరిపోయింది" అన్నా.